బడి ఆయమ్మకు సన్మానం చేయాలనుకుంటున్నాం, ఏమిస్తే బాగుంటుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. మీది నల్గొండ జిల్లా. ఊళ్లోని ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సుమారు 230 మంది పిల్లలు ఉన్నారు. గదులు ఊడ్చేదీ, మరుగుదొడ్లు కడిగేదీ ఒక్క ఆయమ్మే. మీరు అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలో సభ్యురాలు. అమెరికాలో మీ తమ్ముడి పిల్లలు చదివే బడిలో అక్టోబర్ 2న శుభ్రతా సిబ్బందికి కార్డులు రాసి ఇచ్చారని విని, మన బడిలోనూ అలాంటిది చేయాలనుకున్నారు. తల్లులందరూ కలిసి 3,000 రూపాయలు పోగు చేశారు. శాలువా, చీర, జ్ఞాపిక, ఈ మూడింటిలో ఏది బాగుంటుందని అడిగారు. ఆ ఒక్క రోజు ఆమెకు విశ్రాంతి ఇచ్చి పిల్లలచేత ఆ పని చేయించవచ్చా అని కూడా అడిగారు.

మూడూ వద్దమ్మా. ఆ డబ్బుతో ఆమె పని తేలికయ్యే వస్తువులు కొనండి. అంతకంటే ముందు, ఆమెకు జీతం ఏ నెల వరకు అందిందో కనుక్కోండి. పిల్లలచేత తరగతి గదులు ఊడ్పించవచ్చు, దానికి ఒక షరతు ఉంది, కింద చెబుతాను. మరుగుదొడ్లు మాత్రం కడిగించకూడదు. కార్డులు తప్పకుండా రాయించండి.

నేను ఆంధ్రప్రదేశ్‌లో జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో 33 ఏళ్లు పనిచేశాను. అందులో 22 ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పాను, మిగతా 11 ఏళ్లు ప్రధానోపాధ్యాయుడిగా ఉన్నాను. శాలువా వద్దని ఇంత గట్టిగా ఎందుకు అంటున్నానంటే, కప్పి చూసినవాణ్ణి కనుక.

ప్రధానోపాధ్యాయుడినైన రెండో ఏడాది గురుపూజోత్సవం నాడు మా ఆయమ్మను కూడా వేదిక మీదకు పిలిచాను. నా ఆలోచన నాకే చాలా గొప్పగా అనిపించింది. కుర్చీ వేస్తే ఆమె కూర్చోలేదు, కుర్చీ వెనక నిలబడి దాని వీపు పట్టుకుంది. శాలువా కప్పాం, దండ వేశాం, పదో తరగతి ఆడపిల్లలు గుప్పెళ్లతో బంతిపూల రేకులు చల్లారు. సభ అయిపోయింది, అతిథులకు టీలు ఇచ్చాం, అందరం వెళ్లిపోయాం. నేను సైకిల్ స్టాండ్ దాకా వెళ్లి, కళ్లద్దాలు మరిచిపోయానని వెనక్కి వచ్చాను. శాలువా మడిచి కిటికీలో పెట్టి ఉంది. తన మీద చల్లిన పూలను ఆమే ఊడుస్తోంది. అతిథుల ఎంగిలి కప్పులు ఒక గోనె సంచిలో వేసి పక్కన పెట్టుకుంది. ఆ రోజు మామూలు కంటే గంటన్నర ఆలస్యంగా ఇంటికి వెళ్లింది. పైగా అప్పటికి ఆమెకు మూడు నెలల డబ్బు రావాలి. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ శాలువా కొన్నాను.

అందుకే మొదట జీతం గురించి చెబుతాను. మన బడుల్లో ఈ పని చేసేవాళ్లకు ఇచ్చేదాన్ని చాలాచోట్ల జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. మా రాష్ట్రంలో ఆయాలకు అది నెలకు 6,000 రూపాయలు. డబ్బు తక్కువైనప్పుడు దాని ముందు గౌరవం అన్న మాట చేర్చడం మనకు అలవాటు. మీ తెలంగాణలో 2024 నుంచి బడి శుభ్రత, నిర్వహణ కోసం పిల్లల సంఖ్యను బట్టి నెలకు 3,000 నుంచి 20,000 రూపాయల వరకు గ్రాంటు ఇచ్చే ఏర్పాటు వచ్చింది. అది మీ కమిటీ ద్వారానే ఖర్చు కావాలి. కాబట్టి మీ చేతిలో శాలువా కంటే బలమైనది ఉంది. వచ్చే సమావేశంలో రెండు తేదీలు అడగండి: గ్రాంటు ఖాతాలో ఎప్పుడు పడింది, ఆమె చేతికి ఎప్పుడు చేరింది. ఆ రెండింటి మధ్య ఎన్ని రోజులున్నాయో పుస్తకంలో రాయించండి. ప్రతి నెలా రాయించండి. ఎవరినీ నిందించనవసరం లేదు. అడిగేవాళ్లున్నారని తెలిస్తే సంతకాలు వాటంతటవే త్వరగా పడతాయి. పైనుంచి నిధులే ఆలస్యమైతే, ఆ మాట ఆమెకు ముందుగా చెప్పండి. మా ఆయమ్మ ఒకసారి నాతో అంది, "సార్, రాదని తెలిస్తే కొట్టువాడితో ఒక మాట చెప్పుకుంటాను. వస్తుంది, వస్తుంది అంటేనే నా మాట పోతోంది." వేసవి సెలవుల నెలల్లో ఆమెకు డబ్బు ఉంటుందా ఉండదా అన్నది కూడా ఇప్పుడే అడిగి పెట్టుకోండి, ఏప్రిల్‌లో కాదు.

ఇక వస్తువులు. ఇక్కడ కాస్త విడమరిచి చెప్పాలి, ఎందుకంటే నా పెద్ద తప్పు ఇక్కడే జరిగింది.

మా ఆయమ్మకు దగ్గు ఉండేది. రోజూ పదకొండు గంటలప్పుడు మొదలయ్యేది, మధ్యాహ్నానికి తగ్గేది. కళ్లు ఎర్రగా ఉండేవి. వయసు, దుమ్ము, పొగాకు అని తలా ఒక కారణం చెప్పేవాళ్లం. ఒకరోజు మరుగుదొడ్ల వైపు వెళ్లినప్పుడు ఆ వాసన నాకు తగిలింది. ప్రయోగశాలలో పనిచేసినవాడెవడూ మరిచిపోయే వాసన కాదది. బేసిన్‌లో బ్లీచింగ్ పౌడర్ చల్లి, దాని మీద యాసిడ్ పోస్తోంది. విడివిడిగా వాడితే మరక పోవడానికి చాలాసేపు పడుతుందట, కలిపితే వెంటనే తెల్లబడుతుందట. పది నిమిషాల విరామం అయ్యేసరికి 400 మంది పిల్లలు వాడి వెళ్లిన మరుగుదొడ్లు మళ్లీ కడగాల్సిన మనిషి త్వరగా అయ్యే దారి వెతుక్కోకుండా ఎలా ఉంటుంది? బ్లీచింగ్ పౌడర్ మీద ఆమ్లం పడితే క్లోరిన్ వాయువు వస్తుంది. 1915లో యుద్ధభూమిలో సైనికుల మీదకు వదిలిన వాయువు అదే. మేము పదో తరగతిలో బ్లీచింగ్ పౌడర్ ఫార్ములా బోర్డు మీద రాసి, పిల్లలచేత వల్లె వేయించి, పరీక్షలో రెండు మార్కులు ఇస్తాం. ఆ పొడిని రోజూ చేత్తో పట్టుకునే మనిషి అదే గది బయట ఊడుస్తూ ఉంటుంది. ఆమెకు ఒక్క మాట చెప్పాలని ఇన్నేళ్లలో నాకు తోచలేదు.

ఆ మర్నాటి నుంచి పద్ధతి మార్చాం. రోజూ సబ్బు పొడి, నీళ్లు, పొడుగు కర్ర బ్రష్షు. బ్లీచింగ్ వాడే రోజు వేరు, యాసిడ్ వాడే రోజు వేరు, అదీ వారానికి ఒక్కసారే. నిజానికి యాసిడ్ తగ్గిస్తే బడికే మంచిది, అది నేల పలకల (టైల్స్) మధ్య సిమెంటును తినేస్తుంది, మెరుపు పోగొడుతుంది. మెరుపు పోయిన పలకకు మురికి ఇంకా గట్టిగా పడుతుంది. దగ్గు మూడు వారాల్లో తగ్గింది. మీ బడిలో ఈ రెండు డబ్బాలూ ఒకే అరలో ఉంటే ఈరోజే విడదీయించండి. ఎందుకు విడదీస్తున్నారో ఆమెకు చెప్పండి. ఊరికే "కలపకు" అంటే ఎవరూ వినరు, కారణం చెబితే వింటారు.

నీళ్ల గురించి కూడా అడగండి. కుళాయి మరుగుదొడ్ల దగ్గరే ఉందా, లేక బోరింగు దగ్గర నుంచి బకెట్లు మోస్తోందా? బడుల శుభ్రత కోసం కేంద్రం పెట్టిన స్వచ్ఛ విద్యాలయ ప్రమాణాల్లో 40 మంది పిల్లలకు ఒక మరుగుదొడ్డి, మూడు మూత్రశాలలు ఉండాలని ఉంది. ఆ లెక్క కుదిరిన బడిలో కూడా ఒక్కో దానికి రోజుకు రెండు బకెట్లు వేసుకోండి, ఆమె రోజుకు ఎంత బరువు మోస్తోందో మీరే గుణించగలరు. మా బడిలో ట్యాంకు నుంచి ఒక పైపు లాగించడానికి పూర్వ విద్యార్థి ఒకాయన సాయం చేశాడు. నేను చేసిన సన్మానాలన్నింటిలో పనికొచ్చినది ఆ పైపు ఒక్కటే.

ఆమెకు తెలిసిన విషయాలు మనకు తెలియవు. దీన్ని గౌరవంలో భాగంగా ఎవరూ లెక్కవేయరు, కానీ నా దృష్టిలో అసలైనది ఇదే. ఒక ఏడాది మా ఎనిమిది, తొమ్మిది తరగతుల ఆడపిల్లలు మధ్యాహ్నం భోజనం తర్వాత తలనొప్పి, కడుపునొప్పి అని ఇళ్లకు వెళ్లిపోతుండేవారు. టీచర్లం రకరకాల కారణాలు ఊహించుకున్నాం. చదువు మీద శ్రద్ధ లేదన్నవాళ్లూ ఉన్నారు. చివరకు ఆయమ్మను అడిగాను. ఆమె నవ్వింది. "వాళ్లు పొద్దుటి నుంచి నీళ్లు తాగడం లేదు సార్. తాగితే వెళ్లాలి కదా. అక్కడ తలుపుకు గడియ లేదు." ఒక పిల్ల బయట నిలబడి తలుపు పట్టుకుంటే ఇంకో పిల్ల లోపలికి వెళుతోంది. తోడు దొరకని పిల్ల వెళ్లడం లేదు. గడియ ఖరీదు 40 రూపాయలు. ఆ సంగతి ఆమె మూడు నెలలుగా చెబుతూనే ఉంది, అటెండరుకు. అటెండరు నాకు చెప్పలేదు. అతనికి అది చెప్పదగిన విషయంగా అనిపించి ఉండదు.

ఆ తర్వాత నెలవారీ సమావేశంలో మొదటి మాట ఆమెదే అయ్యేలా చేశాం. మొదట్లో ఆమె "ఏమీ లేదు సార్" అనేది. నాలుగో నెల నుంచి మాట్లాడింది. ఆరో తరగతి పిల్లాడు ఒకడు అన్నం తినకుండా డబ్బాలో పెట్టుకుని ఇంటికి పట్టుకెళుతున్నాడన్నది ఆమె చెబితేనే తెలిసింది.

మా దగ్గర 2021 అక్టోబర్‌లో స్వేచ్ఛ పథకం కింద ఆడపిల్లలకు నెలకు పది చొప్పున ప్యాడ్లు ఇవ్వడం మొదలైంది. మంచి పని. కానీ వాడిన తర్వాత అవి ఎవరి చేతికి వెళతాయన్నది ఎవరూ మాట్లాడలేదు. మొదటి రెండు నెలలు మరుగుదొడ్ల గొట్టాలు మూసుకుపోయాయి, ఆమె చేతులు పెట్టి తీసింది. మా గణితం టీచరమ్మ ఒకరు ఆడపిల్లలను కూర్చోబెట్టి, కాగితంలో చుట్టి మూత ఉన్న డబ్బాలో వేయడం నేర్పారు. పాత వార్తాపత్రికలు కోసి ఒక మేకుకు తగిలించారు. పెద్ద ఖర్చేమీ కాలేదు. మీ బడిలో డబ్బా ఉందో లేదో మీరే లోపలికి వెళ్లి చూడండి, తల్లులు కాబట్టి మీకు అది తేలిక. నేను చూడలేకపోయాను.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న, పిల్లలచేత చేయించడం.

జపాన్ బడుల్లో పిల్లలు రోజూ తమ తరగతులు తామే శుభ్రం చేసుకుంటారని మీరు వినే ఉంటారు. గాంధీజీ 1901లో కలకత్తా కాంగ్రెస్‌కు వెళ్లినప్పుడు అక్కడి మరుగుదొడ్ల దుర్గంధం చూసి తానే చీపురు పట్టారు. ఇవి చెప్పి "మన పిల్లలు చేస్తే తప్పేమిటి?" అనేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. నాకూ సూత్రంగా అభ్యంతరం లేదు. అభ్యంతరం ఎక్కడంటే, మన బడుల్లో చీపురు ఎవరి చేతికి వెళుతుందో నేను 33 ఏళ్లు చూశాను. "ఎవరైనా ఇద్దరు లేచి ఊడవండి" అంటే ఆడపిల్లలే లేస్తారు. మగపిల్లలు బెంచీలు జరుపుతారు, అదీ హీరోల్లా. మరుగుదొడ్డి విషయానికి వస్తే టీచరు కళ్లు తెలియకుండానే ఏ పేట పిల్లల వైపు వెళతాయో మీకూ నాకూ తెలుసు, ఆ పిల్లలకూ తెలుసు. జపాన్ పిల్లవాడికి అది వంతు. ఇక్కడ కొందరు పిల్లలకు అది ఇంట్లో తల్లినీ నాయనమ్మనూ చూస్తూ, దాన్నుంచి బయటపడాలని బడికి వచ్చిన పని. ఆ పిల్ల చేతికి మళ్లీ అదే బ్రష్షు ఇచ్చి శ్రమ గౌరవం గురించి పాఠం చెప్పడం నా వల్ల కాదు.

అందుకే షరతు. తరగతి గది ఊడవడం హాజరు పట్టీ వరుసలో రావాలి, మొదటి నంబరు నుంచి చివరి నంబరు వరకు, సర్పంచి కొడుకైనా సరే. టీచరుకు ఎంచుకునే అవకాశమే ఉండకూడదు. చిత్తుకాగితాలు, పెన్సిలు పొట్టు, వేరుశనగ తొక్కలు ఎవరి బెంచీ కింద ఉన్నవి వాళ్లే తీయాలి. మేము దీన్ని మొదలుపెట్టాక మొదటి నెలలో ఇద్దరు తండ్రులు వచ్చి గొడవ చేశారు, అందులో ఒకాయన నాకు బాగా కావలసినవాడు. మూడో నెలకు గదుల్లో చెత్త సగానికి తగ్గింది, ఎవరూ చెప్పకుండానే. రేపు తన వంతు అని తెలిసిన పిల్లవాడు ఈరోజు పక్కవాడిని పారేయనివ్వడు. మరుగుదొడ్లు, మురుగు కాలువలు, రసాయనాలు మాత్రం పిల్లలకు దూరంగా ఉంచండి. వాడిన తర్వాత నీళ్లు పోయడం ప్రతి పిల్లవాడికీ నేర్పండి, చాలు. ఆమె పనిలో సగం అక్కడే తగ్గుతుంది.

అక్టోబర్ 2 గురించి కూడా ఒక మాట. అమెరికాలో ఆ రోజు అలా కుదిరింది, మనకు గాంధీ జయంతి. చాలా ఏళ్లు దసరా సెలవుల్లో పడుతుంది. 2014లో స్వచ్ఛ భారత్ మొదలైన దగ్గర నుంచి ఆ రోజు ఎవరెవరో వచ్చి కొత్త చీపుర్లు పట్టుకుని ఫోటోలు దిగడం ఆనవాయితీ అయింది. పాత చీపురు పట్టుకునే మనిషి ఆ ఫోటోలో ఉండదు. మీరు వేరే రోజు పెట్టుకోండి. ఏ రోజు పెట్టినా ఆ సాయంత్రం వేదిక, కుర్చీలు, కప్పులు ఎవరు సర్దాలో ముందే కాగితం మీద పేర్లు రాయండి. ఆ పేర్లలో ఆమెది ఉండకూడదు.

కార్డులు బాగుంటాయన్నాను. అయితే "మీ సేవలకు ధన్యవాదాలు" అని బోర్డు మీద రాసి అందరిచేతా ఎక్కించవద్దు. ఆమె చేసిన ఏదో ఒక పని గుర్తుచేసుకుని రాయమనండి. మా పిల్లల్లో ఒకడు రాశాడు, "నేను వాంతి చేసుకున్న రోజు ఎవరికీ చెప్పనందుకు." ఆమెకు చదవడం రాకపోతే రాసిన పిల్లలే చదివి వినిపించాలి, టీచరు కాదు. అంతకుముందు పిల్లలకు ఆమె పేరు తెలుసో లేదో కనుక్కోండి. మా బడిలో నేను అడిగినప్పుడు 420 మందిలో పదకొండు మందికే తెలుసు. వరసపెట్టి పిలవడం మన పద్ధతి కాబట్టి పిల్లలు పేరు చివర అమ్మ అనో, పెద్దమ్మ అనో చేర్చి పిలిస్తే సరిపోతుంది. "ఏయ్ ఆయా" పోవాలి. కొన్ని బడుల కాగితాల్లో ఇంకా స్కావెంజర్ అని రాస్తున్నారు, అది కూడా పోవాలి. ఆమె పేరు నేను ఇక్కడ రాయడం లేదు, ఆమెను అడగలేదు కనుక.

స్టాఫ్ రూములో ఆమెకు టీ ఎందులో ఇస్తున్నారో చూడండి. మా దగ్గర అందరికీ గాజు గ్లాసులు, ఆమెకు కాగితం కప్పు. "పరిశుభ్రత కోసం" అని ఒకరు నాకు వివరించారు. అందరికీ కాగితం కప్పులే తెప్పించాను. రెండు రోజుల్లో గాజు గ్లాసులు తిరిగి వచ్చాయి, ఈసారి ఒకటి ఎక్కువ వచ్చింది.

వాచ్‌మన్, వంట చేసే అమ్మలు, మొక్కలు చూసే మనిషి ఉంటే వాళ్ల గురించి కూడా ఇదే పద్ధతిలో ఆలోచించవచ్చు. వాళ్ల ఇబ్బందులు వేరు, నేను అంత దగ్గరగా చూడలేదు.

మీ 3,000 రూపాయల లెక్క ఇలా వేసుకోండి: మోచేతి దాకా వచ్చే రబ్బరు గ్లౌజులు రెండు జతలు, పొడుగు కర్ర బ్రష్షులు రెండు, తుడిచే మాపు ఒకటి, మూత ఉన్న డబ్బాలు రెండు, గమ్‌బూట్లు ఒక జత. మిగిలిన దాంతో ఆమె సామాను పెట్టుకోవడానికి తాళం ఉన్న చిన్న అల్మరా పాతది దొరికితే కొనండి. మా ఆయమ్మ తన అన్నం డబ్బా ఫినాయిల్ సీసాల పక్కనే పెట్టుకునేది, వేరే చోటు లేక.

గమ్‌బూట్లు కొనేముందు కాలి కొలత అడగండి. మేము అడగకుండా మగవాళ్ల 8వ నంబరు తెచ్చాం. రెండేళ్లపాటు ఆమె ముందు భాగంలో పాత గుడ్డలు కుక్కుకుని తొడుక్కుంది, ఒక్కసారి కూడా చెప్పలేదు. ఆమెది 5వ నంబరు.